కాన్సరు – శరీరము, సంఘము, మనస్సు

వేసవి ముదిరిన దినములలో మహదేవపూర్ పరిసరముల యందలి అడవులకు పోయి చూచినచో తెల్లవారుజామునుండియే జనసంచారము కనిపించును. ఆడవారు, మగవారు, పిల్లలు తునికి పొదల మధ్య తిరుగుచు లేత ఆకును కోయుచుందురు. ఎండ ఎక్కులోపల ఇంటికి వచ్చి, ఆకులను లెక్కించి కట్టలు కట్టి, సాయంత్రమునకు కల్లమునకు చేర్చుదురు. అచ్చట వరుసలుగా పరచిన కట్టలు ఎండి, సంచులలోనికి ఎక్కి, గోదావరి సీమను విడిచి బీడీలు చుట్టు ఊళ్లకు ప్రయాణము చేయును. అడవి పల్లెలలో ఎన్నో కుటుంబములకు ఎండకాలపు ఖర్చు, పిల్లల పుస్తకముల ఖర్చు ఈ ఆకు మీదనే గడచును.

తునికాకు స్వభావముచేత చెడ్డది కాదు. దానిలో చుట్టిన పొగాకుతోనే చిక్కు. ఆ పొగ కాన్సరునకు దారి తీయునని నేడు పాఠశాల పుస్తకములలో కూడ కలదు. కాని ఈ మాట తరగతిలో చెప్పగానే ఒక విద్యార్థి లేచి ఇట్లు అడుగును: ‘‘మా తాత డెబ్బది ఏండ్లు బీడీ తాగినాడు సార్, ఆయనకు ఏమియు కాలేదు. మా పక్కింటి ఆమె ఎన్నడును బీడీ ముట్టలేదు, ఆమెకు కాన్సరు వచ్చినది. ఇదెట్లు?’’ ఇంకొకడు, ‘‘అది తలరాత సార్’’ అనును. మూడవవాడు, ‘‘మనసులో బెంగ పెట్టుకొన్నందువలన వచ్చినదని మా అమ్మ అన్నది’’ అనును.

ఈ మూడు మాటలలో ఏది ఎంతవరకు నిజము? దానిని తెలిసికొనుటకే ఈ వ్యాసము.

కాన్సరు అనగానేమి?

మన పెద్దలు రాచపుండు, పుట్టకురుపు అన్న పేర్లతో పిలిచిన వ్యాధులలో కొన్ని నేటి కాన్సరులే. ఇది ఒక్క వ్యాధి కాదు. నూటికి పైబడిన వ్యాధుల కుటుంబము. అన్నిటికిని సామాన్యమైన లక్షణము ఒకటి కలదు. మన శరీరము కోట్లకొలది జీవకణములతో నిర్మితమైనది. పాతవి నశించుచుండగా వాటి స్థానములో కొత్తవి విభజనచేత పుట్టుచుండును. ఎప్పుడు విభజన చెందవలెనో, ఎప్పుడు ఆగవలెనో, ఎప్పుడు తానై చనిపోవలెనో ప్రతి కణమునకును ఆజ్ఞలు ఉండును. ఆ ఆజ్ఞలు డి.ఎన్.ఎ. అను పదార్థములో జన్యువుల రూపమున వ్రాయబడి ఉండును.

ఈ వ్రాతలో అప్పుడప్పుడు తప్పులు దొర్లును. వాటిని ఉత్పరివర్తనములు అందురు. చాలవరకు తప్పులను కణమే సరిదిద్దుకొనును. లేనిచో ఆ కణము చనిపోవును. కాని విభజనను అదుపులో పెట్టు జన్యువులలోనే ఒకదాని వెంట ఒకటిగా కొన్ని తప్పులు చేరినప్పుడు, ఆ కణము ఆజ్ఞలను లెక్కచేయక పెరుగుచునే పోవును. చుట్టుపక్కల భాగములలోనికి చొచ్చుకొనిపోవును. రక్తము ద్వారా దూరపు అవయవములకును పాకును. ఇదే కాన్సరు.

ఒక్క తప్పుతో ఇది రాదు, పలు తప్పులు చేరవలెను అన్న మాటను పాఠకులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. తాతగారి ప్రశ్నకు సమాధానము ఇందులోనే ఉన్నది.

శరీరములోని కారణములు

మొదటి కారణము వయస్సు. జీవించిన కొలది కణవిభజనలు పెరుగును, తప్పులును పోగుపడును. అందుచేతనే చాల రకముల కాన్సరులు నడివయస్సు దాటిన తరువాతనే ఎక్కువగా కనిపించును.

రెండవది వంశపారంపర్యము. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశములలో 44,788 జతల కవలలను పరిశీలించి 2000లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఆసక్తికరమైన సంగతి తేలినది. ఒకే విధమైన జన్యువులు గల కవలలలో ఒకరికి కాన్సరు వచ్చినప్పుడు రెండవవారికి కూడ తప్పక రావలెను గదా! కాని చాల సందర్భములలో అట్లు జరుగలేదు. స్తనముల కాన్సరులో సుమారు నాలుగవ వంతు మాత్రమే వారసత్వపు ప్రభావమని వారు లెక్కకట్టినారు. 1994–95 సంవత్సరములలో కనుగొనిన బి.ఆర్.సి.ఎ.1, బి.ఆర్.సి.ఎ.2 అను జన్యువులలో పుట్టుకతోనే లోపము ఉన్న స్త్రీలకు అపాయము చాల హెచ్చు. అయినను, ఇట్టి బలమైన వారసత్వ లోపములవలన కలుగునవి మొత్తము కాన్సరులలో నూటికి 5 నుండి 10 వరకు మాత్రమే.

మూడవది సూక్ష్మజీవులు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరునకు మానవ పాపిల్లోమా వైరసు మూలమని జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ నిరూపించి 2008లో నోబెల్ బహుమానము పొందినాడు. హెపటైటిస్-బి వైరసు కాలేయపు కాన్సరునకు కారణము కాగలదు. 2018లో ప్రపంచమున కొత్తగా వచ్చిన కాన్సరులలో సుమారు నూటికి 13 ఇట్టి అంటువ్యాధులవలననే కలిగినవని అంచనా. అంటునది వైరసే గాని కాన్సరు కాదు. రోగి పక్కన కూర్చున్నందువలన, అతని కంచములో తిన్నందువలన కాన్సరు ఎవరికిని రాదు.

ఇక తాతగారి మాట. వరద గోదావరిలో ఈదిన వారందరును మునిగిపోరు. కాళేశ్వరము రేవులో ప్రాణహిత కలియు చోట ఎదురీది ఒడ్డెక్కినవాడు ఒకడు ఉండవచ్చును. అంతమాత్రముచేత వరదలో ఈదుట క్షేమమని ఎవరును అనరు. పొగాకు కణములోని వ్రాతలో తప్పులను పెంచును. ఎవరికి ఏ తప్పు ఎచ్చట పడునో అది కొంత యాదృచ్ఛికము. తాతగారు తప్పించుకొనినవారిలో ఒకరు. తప్పించుకొననివారు ఆ కథ చెప్పుటకు మన ఎదుట లేరు. ఎన్నడును బీడీ ముట్టని పక్కింటి ఆమె విషయములో పొగాకు కాక మరియొక కారణమో, విభజనలో తానుగా దొర్లిన తప్పులో ఉండి ఉండవచ్చును. ఆమె చేసిన అపరాధమేదియు లేదు.

శ్రీకాకుళపు చుట్ట

శరీరము, సంఘము, మనస్సు – ఈ మూడును ఒక్కచోట చేరి పని చేసిన ఉదాహరణ కావలెనన్నచో మన తెలుగునేలలోనే ఒకటి కలదు. అది లోకప్రసిద్ధమైనది.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు పల్లెలలో చుట్ట కాల్చువారిలో కొందరు కాలుచున్న కొనను నోటి లోపల ఉంచుకొని పొగ పీల్చుదురు. దీనిని అడ్డపొగ అందురు. ఈ అలవాటు మగవారికంటె ఆడవారిలో ఎక్కువ. నిప్పు నోటిలో ఉన్నను పెదవులు మూసికొని, లాలాజలముతో చుట్టను తడుపుచు, పనిచేసికొనుచునే కాల్చగలరు.

నోటి పైకప్పును అంగిలి అందుము. అంగిలి ముందు భాగమున కాన్సరు పుట్టుట లోకములో తక్కిన చోట్ల అరుదు. కాని విశాఖపట్టణపు వైద్యులకు అట్టి రోగులు తరచుగా తగులుచుండిరి. 1945లో బొంబాయి శాస్త్రజ్ఞుడు వి.ఆర్. ఖనోల్కర్, తన సహపరిశోధకురాలితో కలిసి, అలవాట్లకును కాన్సరునకును గల సంబంధమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో ఈ చుట్ట కాన్సరును వర్ణించినాడు. 1957లో విశాఖపట్టణము నుండి రెడ్డి, రావు అను వైద్యులు కోస్తా ఆంధ్రలోని అంగిలి కాన్సరునకు అడ్డపొగయే కారణమని ప్రకటించినారు.

తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగమువారు, డెన్మార్క్ దేశపు ఆచార్య పిండ్‌బోర్గ్‌తో కలిసి, శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించినారు. ఆ ఫలితములు 1971లో వెలువడినవి. అందు నూటికి 43 మందికి పైగా అడ్డపొగ కాల్చువారే! అంగిలిపై తెల్లని పొరలు, చిన్న బొడిపెలు, ఎర్రని మచ్చలు – ఈ మార్పులు వారిలో విరివిగా కనిపించినవి. వీటిలో ఎర్రని మచ్చలు ఎక్కువ ప్రమాదకరములు.

శరీరశాస్త్రము దీనికి చెప్పు సమాధానము సులభమే. నిప్పు వేడి అంగిలి పొరను మాటిమాటికి గాయపరచును. గాయము మానుటకు కణములు వేగముగా విభజన చెందును. అదే సమయమున పొగలోని తారు, నైట్రోసమైనుల వంటి విషపదార్థములు విభజన చెందుచున్న కణములపై పనిచేయును. తప్పులు పోగుపడుటకు ఇంతకంటె అనువైన చోటు వేరొకటి ఏది?

సంఘము చేయు పని

కాని అసలు ప్రశ్న మిగిలియే ఉన్నది. నిప్పును నోటిలో పెట్టుకొను అలవాటు ఎట్లు వచ్చినది? దానికి సమాధానము సూక్ష్మదర్శినిలో కనిపించదు. ఇంటిలో, వీధిలో, పొలములో కనిపించును. ఆడపిల్లలు తమ తల్లులను, అవ్వలను చూచి నేర్చుకొందురు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదని కొందరు చెప్పుదురు. చంకలోని బిడ్డపై నిప్పురవ్వ పడదని కొందరందురు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చునని, పెద్దల ఎదుట పొగ కనబడదని మరికొందరందురు. ఈ కారణములన్నియు సంఘమునకు, జీవనోపాధికి సంబంధించినవి. జన్యువులకు సంబంధించినది ఒక్కటియు లేదు.

సంఘ పరిస్థితులు కాన్సరును కలిగించునని శాస్త్రమునకు తెలిసి చాల కాలమైనది. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టములు శుభ్రము చేయు పనివారికి వృషణముల తిత్తిపై కాన్సరు వచ్చుట గమనించి, మసియే దానికి కారణమని చెప్పినాడు. ఆ పనిలో చిన్ననాటనే పెట్టబడినవారు పేదపిల్లలే. జపాను దేశమునుండి హవాయి దీవులకు వలసపోయినవారి సంతానములో కడుపు కాన్సరు తగ్గి, పెద్దప్రేగు, స్తనముల కాన్సరులు పెరిగినవి. జన్యువులు అవియే, తిండి, బ్రతుకుతెరువు మారినవి.

మన దేశములో 2016–17లో జరిపిన పొగాకు సర్వే ప్రకారము పెద్దవారిలో నూటికి 28 మందికి పైగా ఏదో ఒక రూపములో పొగాకు వాడుచుండిరి. పొగత్రాగు రూపములలో మొదటి స్థానము బీడీదే. బీడీ చిన్నది గదా, సిగరెట్టుకంటె మేలు అని కొందరి భ్రమ. ఆకులోనుండి గాలి సరిగా చొరదు. ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందుచేత తారు, విషమయమైన కార్బన్ మోనాక్సైడు ఎక్కువగానే లోనికి పోవును. పొగాకునకు సారాయి తోడైనచో నోరు, గొంతు కాన్సరుల అపాయము కూడిక వలె గాక గుణకారము వలె పెరుగును.

రోగము వచ్చిన తరువాత కూడ సంఘము పని ఆగదు. ఇద్దరికి ఒకే పుండు లేచినదనుకొందము. పట్టణములోని చదువుకొన్నవాడు వారములో వైద్యునికి చూపును. అడవిపల్లెలోని కూలి, ‘‘పని మానిన పూట కూలి పోవును; జిల్లా ఆసుపత్రికి బస్సు ఖర్చు ఎక్కడిది?’’ అని నెలలు గడపును. స్త్రీ అయినచో సిగ్గు, ఇంటిలోనివారి అనుమతి అడ్డు తగులును. చివరకు హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి వంటి చోటికి వచ్చుసరికి రోగము ముదిరి ఉండును. కణములు ఇద్దరిలోను ఒకటే. కాలము మాత్రము ఇద్దరికి ఒకటి కాదు.

మనస్సు ఎంతవరకు కారణము?

ఇప్పుడు మూడవ విద్యార్థి మాటకు వత్తము. బెంగవలన కాన్సరు వచ్చునా?

ఇది పాత నమ్మకమే. శాస్త్రజ్ఞులు దీనిని తేలికగా కొట్టివేయక పరీక్షించి చూచినారు. డెన్మార్క్‌లో కాన్సరు సోకిన బిడ్డల తల్లిదండ్రులు 11,380 మందిని పరిశీలించి 1997లో ప్రకటించిన పరిశోధనలో, అంతటి మానసిక వేదనకు గురియైనను వారికి ఇతరులకంటె కాన్సరు ఎక్కువగా రాలేదని తేలినది. ఐరోపా ఖండములోని 1,16,000 మంది ఉద్యోగులను గూర్చి 2013లో వెలువడిన సమీక్షలోను పని ఒత్తిడికి, కాన్సరు వచ్చుటకు సంబంధము కనబడలేదు.

అయితే మనస్సునకు పాత్ర లేనే లేదా? ఉన్నది, కాని అది వేరొక దారిన వచ్చును. డెన్మార్క్‌లోనే బిడ్డలను పోగొట్టుకొనిన తల్లిదండ్రులను గూర్చి 2002లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, తల్లులలో కాన్సరు కొద్దిగా పెరిగినట్లు కనిపించినది. ఆ పెరుగుదల ముఖ్యముగా పొగత్రాగుటతో సంబంధము గల కాన్సరులలోనే ఉన్నది. దుఃఖము నేరుగా కణమును చెరచినదనుటకంటె, దుఃఖము చేతిని సిగరెట్టు వైపు నడిపినదనుటయే దీనికి సరియైన అర్థముగా తోచును.

మన పల్లెలలోను ఇంతే. దినమంతయు ఎండలో చాకిరి చేసినవాడు అలసట మరచుటకు బీడీ ముట్టించును. అప్పుల దిగులుతో కల్లు దుకాణము చేరును. నికొటిన్ మెదడుపై పనిచేసి క్షణకాలము ఊరట కలిగించును. ఆ ఊరట తీరగానే మరల కోరిక పుట్టించును. అందుచేత అలవాటు మానలేకపోవుట బలహీనత మాత్రమే కాదు. అది శరీరములో వేళ్లూనుకొనిన బానిసత్వము. ఒత్తిడి ఎక్కువైనప్పుడు శరీరములో ఊరు కొన్ని హార్మోనులు రోగనిరోధక శక్తిపై ప్రభావము చూపు మాట నిజమే. కాని ఆ ప్రభావమువలననే మనుష్యులలో కాన్సరు పుట్టునని రుజువు కాలేదు.

మనస్సు అడ్డుపడు మరియొక చోటు భయము. ‘‘కాన్సరని తేలితే ఎట్లు?’’ అను భయముతో నోటిలోని మచ్చను దాచుకొనువారు కలరు. తేల్చుకొననంత మాత్రమున రోగము ఆగదు గదా!

ఈ సంగతి తెలియుట ఏల ముఖ్యమనగా – బెంగవలన, కోపమువలన, పూర్వజన్మ పాపమువలన కాన్సరు వచ్చినదని మనము అన్నప్పుడు, రోగి బాధపై నిందను కూడ మోపుచున్నాము. ‘‘ధైర్యము లేకనే నీకు తగ్గుటలేదు’’ అను మాట ఓదార్పు కాదు, గాయము. రోగికి కావలసినది సకాలమున చికిత్స, మనుష్యుల తోడు.

మూడును కలిసినప్పుడు

ఇప్పుడు ఈ మూడింటిని ఒక్కచో చేర్చి చూతము. తల్లిని చూచి నేర్చుకొనుట సంఘము; ఊరటకొరకు మరల మరల ముట్టించుట మనస్సు; వేడికి, విషమునకు అంగిలి కణములు చెడుట శరీరము. ఈ గొలుసులో ఏ లంకె తెగినను ఫలితము మారవలెను. ఇది ఊహ మాత్రము కాదు, పరీక్షింపబడిన సంగతి.

1977లో మొదలై శ్రీకాకుళము జిల్లాలోను, కేరళ, గుజరాతులలోని ఒక్కొక్క జిల్లాలోను పొగాకు వాడు 36,000 మందికి పైగా గ్రామీణులపై ఒక ప్రయత్నము జరిగినది. వారికి జరిమానాలు లేవు, మందులు లేవు. ఇంటింటికి పోయి నోరు పరీక్షించి, వారి నోటిలోని మార్పును వారికే వివరించి, అలవాటు మానుమని ముఖాముఖిగా నచ్చచెప్పినారు. ప్రచార సాధనములను కూడ వాడినారు. 1986లో ఫలితములు వెలువడినవి. నచ్చచెప్పబడిన వారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువైరి. కాన్సరునకు ముందు వచ్చు మచ్చలు వారిలో గణనీయముగా తగ్గినవి. చదువురాని గ్రామీణులు చెప్పినను వినరు అను మాట ఇట్లు అబద్ధమైనది.

మానుటకు ఆలస్యమైనదని ఎవరును అనుకొనరాదు. ఇంగ్లండులో రిచర్డ్ డాల్ వైద్యులపై ఏబది ఏండ్లు సాగించిన పరిశీలన ఫలితములు 2004లో వెలువడినవి. 50 ఏండ్ల వయస్సులో పొగ మానినవారికి దానివలన కలుగు ప్రాణాపాయము సగమునకు తగ్గినది. 30 ఏండ్లకే మానినవారు దాదాపు అంతయు తప్పించుకొనిరి.

మనము చేయదగినది

2022లో మన దేశములో సుమారు 14 లక్షల మందికి కొత్తగా కాన్సరు వచ్చినదనియు, 9 లక్షలకు పైగా మరణించిరనియు అంచనా. కాన్సరులలో నూటికి 30 నుండి 50 వరకు నివారింపదగినవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వయస్సును, జన్యువులను మనము మార్చలేము. తక్కినవి మన చేతిలోనివి.

ఉపాధ్యాయులు ఈ క్రింది సంగతులను విద్యార్థుల ద్వారా ఇండ్లకు చేర్చవచ్చును. మూడు వారములైనను మానని నోటిపుండు, నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరువలేకపోవుట, మ్రింగుటకు కష్టము, మారిన గొంతు, స్తనములో గడ్డ, ముట్లుడిగిన తరువాత రక్తస్రావము – వీటిలో ఏది కనిపించినను నొప్పి లేదని ఉపేక్షింపక చూపించుకొనవలెను. తొలిదశ కాన్సరు సాధారణముగా నొప్పి పెట్టదు. 30 ఏండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో నోటి, స్తన, గర్భాశయ ముఖద్వార పరీక్షలు జరుపు కార్యక్రమము కలదు. 9 నుండి 14 ఏండ్ల బాలికలకు పాపిల్లోమా వైరసు టీకా వేయించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పేదలకు చికిత్స ఖర్చునకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము తోడ్పడును.

పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము. ఆ దూరమును విద్యార్థులే కొలిచి చూడవచ్చును. గణితము, పౌరశాస్త్రము రెండును ఒక్కసారిగా నేర్చినట్లగును.

తునికాకు కోయువారిని నిందించి ప్రయోజనము లేదు. ఆ ఆకు వారికి ఎండకాలపు అన్నము. వారికి వేరొక ఆధారము చూపు బాధ్యత అందరిది. కాని ఆ కల్లములో కట్ట దించి కూర్చుండిన తండ్రి బీడీ ముట్టించబోవునప్పుడు, పక్కన నిలిచిన బిడ్డకు ఈ మూడు సంగతులు తెలిసియుండి, తండ్రిని తప్పుపట్టక, ‘‘నాయనా, ఒకసారి నోరు చూపించుకో’’ అని మెల్లగా చెప్పగలిగినచో, గొలుసులో ఒక లంకె అచ్చటనే వదులగును. తలరాత అనుకొన్నదానిలో కొంత భాగమును మనమే తిరిగి వ్రాయగలమని ఆ బిడ్డ తెలిసికొనును.